పట్టేసిన ఇంజను

నాకు ఓపిక ఎక్కువని మా దిక్కున పేరు. చింతామణి నుంచి చేలూరు మీదుగా బాగేపల్లికి పోయే రోడ్డు పొడుగునా ఏ ఊళ్లో నట్టు పట్టేసినా, పైపు ఊడిరాకపోయినా నాకు కబురొస్తుంది. గ్యాసు కటింగు పెట్టి కోసేద్దామని తక్కినవాళ్లు అన్నదాన్ని విరగకుండా విప్పి ఇస్తానని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చాలావరకు నిలబెట్టుకున్నాను. అయినా ఈ మధ్య ఎవరైనా “నీ ఓపికకి దండం పెట్టాల” అంటే సంతోషం కలగడం లేదు. నేను ఓపిక అనుకుంటున్నదానిలో నిజంగా ఓపిక ఎంత, భయం ఎంత అన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. తేలినంత వరకు రాస్తున్నాను.

ముందు పని సంగతి చెప్పాలి. లేకపోతే నా మాటకి ఆధారం ఉండదు.

మా చిక్కబళ్లాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. పెన్న, చిత్రావతి పుట్టేది మా నంది కొండల చుట్టుపక్కలే, కానీ అవి నిండుగా కనిపించేది దిగువ సీమలోనే. ఒకప్పుడు మా నీళ్లు చెరువుల్లో, బావుల్లో ఉండేవి. ఇప్పుడు బోర్లలో ఉన్నాయి. వెయ్యి అడుగులు దాటిన బోరంటే మాకు వింత కాదు. 20 అడుగుల ఇనప పైపులు ఒకదానికొకటి కప్లింగులతో బిగించి దింపితే వెయ్యి అడుగులకి 50 పైపులు. మోటారు కాలిందంటే అన్నిటినీ పైకి లాగి ఒక్కొక్కటిగా విప్పాలి. రైతు ఒడ్డున కూర్చుని ఉంటాడు. టమోటా కాపు మీద ఉంటుంది. ఒక్క కప్లింగు మొరాయిస్తే ఆ పూట నీళ్లు లేనట్టే.

ఇనుము తుప్పుగా మారినప్పుడు పాత చోట్లో ఇమడదు. ముందున్నదానికి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. మరల మధ్య అంత ఖాళీ ఎక్కడిది? నానిన సెనగలు డబ్బా మూతను తన్నినట్టు లోపలి నుంచి తన్నిపట్టుకుంటుంది. పట్టేసిన నట్టుని ఎవరూ గట్టిగా బిగించి ఉండరు. బిగించింది తుప్పే.

దీనికి తోడు లోహాల పొత్తు ఒకటి. మోటారు నెత్తిన ఉండే వాల్వు ఇత్తడిది, దానికి తగిలించే పైపు ఇనపది, మధ్యన మా ఉప్పు నీళ్లు. ఈ మూడూ కలిస్తే అది బ్యాటరీ కిందే లెక్క. ఇనుము తినుకుపోతుంది, ఇత్తడి బాగానే ఉంటుంది. ఈ జబ్బు పాతది. 1761లో ఇంగ్లండు నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకులు తొడిగింది. రెండేళ్ల తర్వాత విప్పి చూస్తే రాగి బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న ఇనప మేకులు చాలాచోట్ల కరిగిపోయి ఉన్నాయి. అప్పటికి ఇటలీలో గాల్వానీ కప్ప కాలికి రెండు లోహాలు తాకించి అది అదరడం చూడనే లేదు, వోల్టా బ్యాటరీ కట్టనే లేదు. కారణం తెలియడానికి ముందే నష్టం తెలిసింది. మాకూ అంతే. మా బోరు పైపు సరిగ్గా ఇత్తడి పక్క మరల దగ్గరే ఎందుకు విరుగుతుందో నాకు పని నేర్పిన ఉస్తాదుకి తెలుసు, బ్యాటరీ సంగతి మాత్రం తెలియదు.

ఉస్తాదు చింతామణిలో షెడ్డు పెట్టుకుని ఉండేవాడు. ఆయన దగ్గర నేను మొదట నేర్చుకున్నది విప్పడం కాదు, బిగించడం. పట్టేసిన నట్టుకి పానా వేసి ఎడమకి లాగబోతే ఆపేవాడు. “ముందర బిగించు, రవ్వంత” అనేవాడు. తుప్పు ఒక పక్కకే అలవాటుపడి ఉంటుంది. వ్యతిరేక దిక్కుకి వెంట్రుకవాసి కదిపితే దాని పట్టు చెదురుతుంది. ఆ సందులోకి సీమనూనె దిగుతుంది. మళ్లీ ఎడమకి రవ్వంత, కుడికి రవ్వంత. మధ్యమధ్య చిన్న సుత్తితో నట్టు నెత్తిన, పక్కన తట్టడం. గట్టిగా కాదు, ఊరికే అదిరేటంత. పొడుగు పానా ముట్టనిచ్చేవాడు కాదు. పొడుగు పానా పట్టినవాడికి నట్టు మాట వినపడదు, తన బలమే వినపడుతుందని ఆయన నమ్మకం.

మంట పెట్టాల్సి వస్తే నట్టుకి పెట్టేవాడు గాని బోల్టుకి తగలనిచ్చేవాడు కాదు. రెండూ ఇనుమే. రెండూ కాగితే రెండూ సమంగా పెరుగుతాయి, లాభం ఉండదు. పైది కాగి లోపలిది చల్లగా ఉన్న ఆ కొద్ది సేపే మనది. ఆ వేడిలోనే కొవ్వొత్తి ముక్క మర అంచుకి తాకిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుపోయేది. పని అయ్యాక తిరిగి బిగించేటప్పుడు ప్రతి మరకీ గ్రాఫైటు కలిపిన గ్రీజు రాసేవాడు. దానికి డబ్బులు అడిగేవాడు కాదు. ఎప్పుడో ఎవరో మళ్లీ విప్పాల్సి వస్తుంది, వాడు మన కొడుకు ఈడువాడై ఉంటాడని అనేవాడు. నేను విప్పినవాటిలో ఆయన బిగించినవి కొన్ని ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా అవి సులువుగా వచ్చాయి.

మా అక్క కొడుకు అమెరికాలో సియాటెల్‌లో ఉంటాడు. స్నేహితులతో కలిసి పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. తెరచాప కట్టే స్తంభం అల్యూమినియంది, దానికి బిగించిన మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి. సముద్రపు ఉప్పు రెంటి మధ్యా దూరి, అల్యూమినియం తెల్లటి పిండిగా ఉబ్బి మరల్ని పట్టేసింది. వీడియో కాల్‌లో చూపించాడు. ఆ తెల్ల పిండి చూడగానే నాకు మా బోరు వాల్వు గుర్తొచ్చింది. లోహాలు వేరు, జబ్బు ఒకటే. “స్తంభానికి వేడి పెట్టరా, అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ పెరుగుతుంది, బెజ్జం వదులవుతుంది. నూనె పోసి ఆగు, ముందర బిగించు” అని నాకు తెలిసిందంతా చెప్పాను. వాడు శ్రద్ధగా రాసుకున్నాడు. చివర్న అడిగాడు: “ఎంతసేపు ఆగాల మామా?”

“తెలుస్తాదిలేరా” అన్నాను.

కాల్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎలా ఆగాలో ఇంత వివరంగా చెప్పగలిగినవాణ్ణి ఎప్పటిదాకా ఆగాలో చెప్పలేకపోయాను. ఉస్తాదైతే చెప్పేవాడు. ఆయన ఆగడానికి కారణం ఉన్నట్టే, ఆగడం చాలించడానికీ గుర్తు ఉండేది. పట్టేసిన నట్టు మీద తడితే కింది దిమ్మె అంతా ఒకే లోహంలా మోగుతుంది. పట్టు సడలితే మోత రెండుగా విడిపోతుంది, నట్టుది వేరు, దిమ్మెది వేరు. ఇంకో గుర్తు: పైన పోసిన నూనె కింది మర దగ్గర ఎర్రగా ఊరుతుంది. ఆ మోత విన్నాక, ఆ ఎరుపు చూశాక ఆయన ఒక్క నిమిషం ఆగేవాడు కాదు. బీడీ పడేసి లేచేవాడు. వస్తే వస్తుంది, విరిగితే విరుగుతుంది, విరిగితే డ్రిల్లు పెడతాం. ఆ తెగింపు ఆయన ఓపికలో భాగమే. అది లేకుండా మిగతాది మాత్రమే నేర్చుకున్నానేమో అన్న అనుమానం ఆ రాత్రే మొదలైంది.

అనుమానం తీర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మా బావి దగ్గర ఇంజను ఉంది.

మా తాత ఆ బావి మీద కపిల తోలాడు. నాయన 1970ల్లో పీఎల్‌డీ బ్యాంకులో అప్పు తెచ్చి ఆయిలింజను పెట్టాడు. రెండు పెద్ద చక్రాల లిస్టరు నమూనా, 6 హెచ్‌పీ, నిమిషానికి 650 చుట్లు. ఇంగ్లండులో డర్స్లీ అనే ఊళ్లో లిస్టరు కంపెనీ 1987 దాకా ఆ రకం ఇంజన్లు చేసింది. గుజరాత్‌లో రాజ్‌కోట్ పోతపనివాళ్లు దాన్ని చూసి తాము చేసి దేశమంతా అమ్మారు. మాది రాజ్‌కోట్‌దే. దాని నీళ్లతో మల్బరీ పెట్టి, పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకి వేసి నాయన అన్ననీ నన్నూ చదివించాడు. 90ల్లో చుట్టూ బోర్లు పడ్డాయి. బావి అడుగంటింది. ఇంజను నోరు మూసుకుంది. 2008 నుంచి 10 హెచ్‌పీ లోపు పంపుసెట్లకి కరెంటు ఉచితమైంది, ఇక డీజిలు పోసి ఇంజను తిప్పే మాటే ఎవరికీ రాలేదు. సైలెన్సరు గొట్టంలోంచి వాన నీళ్లు దిగి పిస్టను సిలిండరు గోడకి పట్టేసింది.

2021 నవంబరు వానలు ఈ దిక్కున అందరికీ గుర్తే. పిల్లలు ఎన్నడూ చూడని చెరువులు నిండాయి, మరవలు పారాయి, రోడ్లు తెగాయి. మా చెరువూ నిండింది. ఆ తర్వాత కొన్నాళ్లకి మా బావిలో నీళ్లొచ్చాయి. మెట్ల దాకా. మా అమ్మ పసుపు కుంకుమ తీసుకుని పోయి బావికి పెట్టింది. నేను ఇంజను షెడ్డు తలుపు తీశాను.

హెడ్డు విప్పడానికి చాలా కాలం పట్టింది. స్టడ్లలో ఒకటి ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. హెడ్డు లేచాక పిస్టను నెత్తి కనిపించింది, గోధుమరంగు పొరతో. సీమనూనె ఇప్పుడు రేషన్లో దొరకదు కాబట్టి డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోశాను. పిస్టను మీద అది చిన్న మడుగు కట్టింది. టార్చి పట్టుకుని వంగి చూస్తే సిలిండరు అంచున ఒకచోట సూదిమొనంత బుడగ పుట్టి, కాసేపు నిలబడి, పగిలింది. మళ్లీ అక్కడే ఇంకొకటి. నూనె కిందికి దిగుతోంది, కింది గాలి పైకొస్తోంది. రింగుల మధ్య దారి పడుతోందన్నమాట. అంతకంటే మంచి గుర్తు ఉండదు.

తర్వాత ఒక పొద్దున పోయి చూస్తే మడుగు లేదు. రాత్రికి రాత్రి మొత్తం దిగిపోయింది. పిస్టను నెత్తి తడిగా మెరుస్తోంది, అంతే.

ఉస్తాదు ఉంటే అప్పుడే చక్రం పట్టుకునేవాడు. నేను డబ్బా ఎత్తి మళ్లీ నిండా పోశాను. మరునాడు మళ్లీ దిగిపోయి ఉంది. మళ్లీ పోశాను. అట్లా ఎన్నాళ్లో. ఊళ్లోవాళ్లు షెడ్డు ముందు నుంచి పోతూ చూసి నా ఓపికను మెచ్చుకునేవాళ్లు. నేను తల ఊపేవాణ్ణి. ఆ పోయడంలో నాకు నిజమైన నెమ్మది ఉండేది, అది నటన కాదు. సాయంత్రం బావి దగ్గర కూర్చుని ఆ మడుగుని చూస్తూ ఉంటే రోజంతా తిరిగిన అలసట పోయేది. అందుకే దాన్ని అనుమానించడం కష్టమైంది. భయం అంటే గుండె దడ అనుకుంటాం. నా భయం నాకు అంత ప్రశాంతంగా కనిపించింది.

దేనికి భయం అని నన్ను నేను అడిగితే మొదట వచ్చిన జవాబు: విరుగుతుందని. ఇది పూర్తి నిజం కాదు. ఊళ్లోవాళ్ల ఇంజన్లలో విరిగే ప్రమాదం ఉన్నవాటిని విప్పాను, విరిగినవాటికి డ్రిల్లు పెట్టాను. ఇంకా తవ్వితే అసలుది బయటపడింది. చక్రం తిరుగుతుందని భయం.

అన్నా నేనూ భాగాలు పంచుకున్నప్పుడు భూమి పంచుకున్నాం, ఇల్లు పంచుకున్నాం. బావి, ఇంజను పొత్తులో ఉంచాం. ఒక దినం అన్నది, ఒక దినం నాది అని నోటిమాటగా అనుకున్నాం. అప్పటికి బావిలో నీళ్లే లేవు కాబట్టి ఆ మాటని ఎవరూ పరీక్షించలేదు. బావికి పోయే బాట అన్న భాగంలోంచి పోతుంది. పహణీలో ఆ బాట ఎక్కడా లేదు. అది రాయించుకోవాలని నాకు మొదటి నుంచీ తెలుసు. అడిగితే అన్న ఏమనుకుంటాడో, వదిన ఏమనుకుంటుందో, అమ్మ ఉండగా ఆ మాటలెందుకో అని జరుపుకుంటూ వచ్చాను. ఇంజను పట్టేసి ఉన్నంత కాలం బావి గురించి మా ఇద్దరికీ తగువు లేదు. అది తిరిగి నీళ్లు కాలవలో పడిన రోజు, ఆ నీళ్లు ఎవరి వంతు అన్న ప్రశ్న కూడా కాలవలో పడుతుంది. నేను డీజిలు పోస్తున్నది పిస్టను వదలడానికి అనుకున్నాను. వదిలాక కూడా పోస్తూనే ఉన్నానంటే, దాన్ని పట్టేసి ఉంచడానికే పోస్తున్నాను.

ఇది తెలిశాక చుట్టూ చూసే చూపు మారింది. మా చెరువు తూముది కూడా ఇదే కథ.

2021 వానలకి చెరువు నిండిన చాలా నెలల తర్వాత తూము తలుపు ఎత్తాలని కొందరు నన్ను పిలిచారు. తూము నోటికి ఇనప పలక, దానికి మర కడ్డీ, పైన తిప్పే చక్రం. ఎన్నో ఏళ్లుగా ఎవరూ తిప్పక మర అంతా గడ్డకట్టింది. నేను కడ్డీకి నూనె పెట్టి, తట్టి చూసి, వస్తుందని చెప్పాను. ఆ మాట చెప్పగానే కట్ట మీద సందడి తగ్గింది. వస్తే ఏమిటి? ఆయకట్టు సగం నీలగిరి తోపులైంది, కొంత లేఅవుటైంది. నీరు పంచే నీరుగంటి మా ఊళ్లో ఇప్పుడు లేడు. ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనక అని చెప్పేవాళ్లు లేరు, చెప్పినా వినేవాళ్లు లేరు. పైగా చెరువులో నీళ్లు నిలబడి ఉంటే బోర్లు ఊరతాయి. బోరు ఉన్నవాళ్లందరూ తూము మూసి ఉండాలనే కోరతారు. బోరు వేయలేని రైతు, చెరువు కింద ఎకరం అర ఎకరం ఉన్నవాడు, తూము తెరవాలంటాడు. ఆ సంగతి పైకి తేలకుండా అందరూ “తుప్పు పట్టిపోయిందప్పా, ఏం చేస్తాం” అని ఇళ్లకి పోయారు. నాకు ఆ పూట కూలి కూడా ఇచ్చారు.

ఇది మా ఊరి మాట ఒక్కటే కాదు. బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి కోరమంగల–చల్లఘట్ట లోయ నుంచి కోలారు వైపుకి, హెబ్బాళ–నాగవార లోయ నుంచి చిక్కబళ్లాపురం వైపుకి పైపుల్లో పంపుతున్నారు. 2018 జూన్‌లో కోలారు దిక్కున లక్ష్మీసాగర చెరువుకి మొదట ఆ నీళ్లొచ్చాయి. హెబ్బాళ పథకం కింద 65 చెరువులు నింపాలని అనుకున్నారు. ఆ నీళ్లు రెండో దశ దాకా శుద్ధి చేసినవే. నేరుగా పొలానికి తోడుకోకూడదు, భూమిలోకి ఇంకాలి, బోర్లు ఊరాలి అన్నది నిబంధన. నిబంధనకి కారణం ఉంది, నేను కాదనను. కానీ ఆ కారణం వల్ల తూము అన్నది మా సీమలో తెరిచే వస్తువు కాకుండా పోతోంది. చెరువు నీళ్లు బోరు ఉన్నవాడి దగ్గరికి భూమి లోపల నుంచి పోతున్నాయి. ఎవరికి ఎంత పోతున్నదీ కళ్లకి కనపడదు. కనపడని పంపకానికి తగువు ఉండదు. మా బావిలాగే.

నాకు విశ్వేశ్వరయ్యగారు గుర్తొస్తారు. మా పక్క ముద్దేనహళ్లిలో పుట్టిన మనిషి, ముత్తాతల ఊరు మోక్షగుండం ఇంటిపేరుగా మిగిలిన తెలుగు కుటుంబం. పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో ఆయన కనిపెట్టిన తలుపులు బిగించారు. వరద నీటి మట్టం పెరిగితే వాటంతట అవే లేచేవి, తగ్గితే వాటంతట అవే మూసుకునేవి. చక్రం తిప్పే మనిషితో పని లేదు. చిన్నప్పుడు బడిలో ఈ సంగతి విని మురిసిపోయాను, ఇప్పటికీ గౌరవమే. కానీ వరద సంగతి వేరు, వంతు సంగతి వేరు. ఎంత నీరు దాటితే తలుపు లేవాలో నీటికి తెలుస్తుంది. ఎవరి మడికి ముందో ఏ యంత్రానికీ తెలియదు. దానికి మనుషులు కట్ట మీద నిలబడి గొంతు పెంచి మాట్లాడుకోవాలి. ఆ మాటల్ని తప్పించుకోవడానికి తుప్పు కంటే మంచి సాకు లేదు, అది ఎవరి మీదా నింద వేయదు.

ఊరి మీద ఈ మాట ఇంత తేలిగ్గా రాయగలిగాను. నా మీద రాయడానికి నెలలు పట్టింది. కట్ట మీద కూలి తీసుకుని వచ్చిన రోజు నాకు వాళ్ల మీద కోపమొచ్చింది. బాగా అయ్యే పనిని ఆపేశారని ఇంటికొచ్చి చెప్పాను. ఆ సాయంత్రమే పోయి ఇంజనులో డీజిలు పోశాను. రెండూ ఒకే దినం జరిగాయన్నది నాకు ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

అన్న అప్పుడప్పుడు షెడ్డు దగ్గరికొచ్చేవాడు. ఆయనది వెయ్యి రెండొందల అడుగుల బోరు, నీళ్లకి కరువు లేదు. “గుజిరీకి ఏసేద్దాంరా, తూకానికి మంచి దుడ్లొస్తాయి” అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆయనకి ఇంజను మీద ప్రేమ లేదనుకునేవాణ్ణి. నాయన జ్ఞాపకం నాకే ఉన్నట్టు, ఆయనకి లేనట్టు. ఇప్పుడాలోచిస్తే ఆ మాటలో కనీసం ఒక నిర్ణయం ఉంది. తూకానికి వేస్తే అది మా ఇద్దరి మధ్య నుంచి పోతుంది. నేను దాన్ని ప్రేమ పేరుతో అక్కడే నిలబెట్టాను, తిప్పకుండా, అమ్మకుండా.

మొన్న సంక్రాంతి అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి గడప మీద నిలబడ్డాడు.

“ఇంగా పోస్తానే ఉండావా?”

“వదిలిందన్నా,” అన్నాను. “ఎప్పుడో వదిలింది. ఆ పక్క చక్రం నువ్వు పట్టుకో.”

ఆయన ఒకసారి నా ముఖం చూశాడు. చొక్కా చేతులు మడిచి లోపలికొచ్చాడు. పిస్టను మీద చింత చెక్క పెట్టి నేను ముందు నాలుగుసార్లు తట్టాను, నడి మీద ఒకటి, అంచుల మీద తిప్పి తిప్పి. తర్వాత చెరో చక్రం పట్టుకున్నాం. ముందు వెనక్కి అన్నాను. వెనక్కి నెట్టాం. ఏమీ లేదు. ముందుకి. ఏమీ లేదు. మళ్లీ వెనక్కి నెట్టినప్పుడు అరచేతికి ఒక చిన్న మెత్తదనం తగిలింది, చప్పుడు లేదు. చక్రం అంచు మీద సుద్దతో గీసిన గీత బొటనవేలి మందం జరిగింది. అన్న “ఆఁ” అన్నాడు. ముందుకి, వెనక్కి, ముందుకి. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాం. ఎర్రటి నీరులాంటి నూనె సిలిండరు గోడ మీద గీతలుగా కిందికి జారింది. చివరికి పిస్టను అడుగు దాకా పోయి, తిరిగి పైకొచ్చింది. పూర్తి చుట్టు.

అన్న చక్రం వదల్లేదు. పట్టుకునే అడిగాడు: “తిరిగిందంటే, నీళ్లు ఎవరికిరా ముందు?”

నేను ఇన్నాళ్లు డీజిలు పోసింది ఈ మాట వినకుండా ఉండడానికే. విన్నాను. విన్నాక అంత కష్టంగా ఏమీ లేదు అని రాస్తే అబద్ధమవుతుంది, కష్టంగానే ఉంది. నాకు మల్బరీ మళ్లీ పెట్టాలని ఉంది, దానికి వేసవిలో విడవకుండా తడి కావాలి. ఆయన అల్లుడు కింది చేనులో దానిమ్మ పెడతానంటున్నాడట, నాకు అప్పటిదాకా తెలియదు. దినం వదిలి దినం అన్న పాత మాట ఇద్దరికీ చాలదు. గంటల లెక్క కావాలి. డీజిలు ఖర్చు ఎవరిది? కరెంటు మోటారు పెడితే మీటరు ఎవరి పేరున? పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నాం. ఒకసారి ఆయన గొంతు పెరిగింది, ఒకసారి నాది. వదిన టీ పంపించింది, అది చల్లారింది.

బాట సంగతి కూడా అప్పుడే ఎత్తాను. “పహణీలో రాయించుకుంటానన్నా” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “నాయన ఉన్నప్పుడే అడగాల్సిందిరా ఇది” అన్నాడు. తర్వాత, “అర్జీ పెట్టు. సర్వేయరు వస్తే నేనుంటా” అన్నాడు.

సిలిండరు గోడ మీద రెండు చోట్ల గుంటలు పడ్డాయి, లైనరు మార్చాలి. రింగుల సెట్టుకి బెంగళూరు పోవాలి. ఆ ఒక్క స్టడ్డు ఇంకా వదల్లేదు. దాని మీద తడితే మోత ఒకటిగానే ఉంది, కాబట్టి అక్కడ ఆగడం న్యాయమే. అర్జీ మాత్రం రాసి, నకళ్లు తీయించి, సంతకం పెట్టి ఇంట్లో బీరువాలో ఉంది. ఇంజను తయారయ్యాక, అది తిరిగి నీళ్లు పోయడం అన్న చూశాక, ఆయన మనసు బాగున్నప్పుడు ఇద్దామనుకున్నాను. ఆ వాక్యం రాసి చదువుకుంటే అది మడుగు దిగిపోయిన పొద్దున నేను ఎత్తిన డబ్బాయే. రేపు సోమవారం. నాడకచేరి పదింటికి తెరుస్తారు, చేలూరు బస్సు ఎనిమిదిన్నరకి.